చిన్న క్లబ్బుల ప్లేయర్ ఇష్యూ జెర్సీలు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ప్రీమియర్ లీగ్ కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ ఉన్నాయి. వాటి కింద నాన్‌లీగ్ క్లబ్బులు. ఈ కింది మెట్ల మీద ఆడే ఒక్క క్లబ్ జెర్సీలే నేను సేకరిస్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పెద్ద క్లబ్బుల జెర్సీల గురించి విన్న రూల్స్ ఇక్కడా పనిచేస్తాయనుకుంటారు. చాలావరకు పనిచేయవు. చిన్న క్లబ్బులో డబ్బు తక్కువ. చిరిగిన జెర్సీని కుడతారు, పాత నంబర్ పీకి కొత్తది వేస్తారు, సీజన్ అయ్యాక కుర్రాళ్ల టీమ్‌కి ఇచ్చేస్తారు. మీ క్లబ్‌లో జెర్సీలు చూసుకునే కిట్ మ్యాన్ అలవాట్లు ఏమిటో తెలిస్తేనే అసలేదో నకిలీ ఏదో తేలుతుంది.

అపోహ: ప్లేయర్ ఇష్యూ అంటే మ్యాచ్‌లో వేసుకున్నదే.

కాదు. ఆటగాడి కోసం క్లబ్ సిద్ధం చేయించిన ప్రతి జెర్సీ ప్లేయర్ ఇష్యూనే. డ్రెస్సింగ్ రూమ్‌లో హ్యాంగర్‌కే ఉండిపోయినదీ అందులోకే వస్తుంది. మైదానంలో వేసుకుని ఆడినది మాత్రమే మ్యాచ్ వార్న్. అమ్మేవాళ్లు ఈ రెండు మాటలనూ కలిపేస్తుంటారు. అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ మ్యాచ్‌లో వేసుకున్నారు?

అపోహ: ఆటగాళ్ల జెర్సీ బట్ట, షాపులో అమ్మే రెప్లికా బట్ట వేరుగా ఉంటాయి.

పెద్ద బ్రాండ్లు పెద్ద క్లబ్బులకు చేసేవాటిలో నిజమే. బట్ట పల్చగా, ఒంటికి బిగుతుగా ఉంటుంది. బ్యాడ్జ్‌ను కుట్టకుండా వేడితో అతికిస్తారు. కింది లీగుల్లో మాత్రం చాలా క్లబ్బులు కంపెనీ కేటలాగ్‌లోని టీమ్‌వేర్ డిజైన్‌నే తీసుకుంటాయి. షాపులోకీ డ్రెస్సింగ్ రూమ్‌లోకీ వెళ్లేది ఒకే జెర్సీ. తేడా అంతా నంబర్, పేరు, స్లీవ్ ప్యాచ్ (చేతి మీద ఉండే లీగ్ గుర్తు), ఒక్కోసారి వెనక ఉండే రెండో స్పాన్సర్‌లో ఉంటుంది. నకిలీ చేసేవాళ్లకు ఇదే వరం: ఒక రెప్లికా కొని నంబర్ అద్దితే చాలు.

కాబట్టి బట్ట మీద టైమ్ పెట్టకండి, ప్రింట్ చూడండి. అంకెల ఎత్తు, ఫాంట్, కాలర్ నుంచి ఎంత కిందకు మొదలైంది అన్నవి ఆ సీజన్ మ్యాచ్ ఫోటోలతో పోల్చండి. ప్యాచ్ కూడా కాలం చెప్పేస్తుంది. ప్రీమియర్ లీగ్ కింది మూడు డివిజన్లను నడిపే ఫుట్‌బాల్ లీగ్ తన పేరును ఈఎఫ్ఎల్‌గా మార్చుకున్నది 2016-17 సీజన్‌కి. 2014 నాటిదని చెప్పే జెర్సీ మీద ఈఎఫ్ఎల్ ప్యాచ్ ఉంటే ఇక మాట్లాడాల్సిందేమీ లేదు.

అపోహ: వెనక ఆటగాడి పేరు ఉంటేనే నమ్మవచ్చు.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఫుట్‌బాల్ లీగ్‌లో జెర్సీ నంబర్లు తప్పనిసరి అయింది 1939లో. ఆ తర్వాత దశాబ్దాల పాటు, ఆ రోజు మొదటి పదకొండు మందిలో ఎవరుంటే వాళ్లకు 1 నుంచి 11 వరకు ఇచ్చేవారు. సీజన్ అంతటికీ ఒకే నంబర్, వెనక పేరు అనే పద్ధతి ప్రీమియర్ లీగ్‌లో 1993-94లో వచ్చింది. కింది డివిజన్లలో కొన్ని క్లబ్బులు అప్పుడే స్క్వాడ్ నంబర్లు ప్రయత్నించినా, అందరికీ తప్పనిసరి అయింది 1999-2000లోనే.

అంటే 1980ల నాటి 9వ నంబర్ జెర్సీని ఒకే సీజన్‌లో నలుగురైదుగురు వేసుకుని ఉండవచ్చు. ‘ఫలానా స్ట్రైకర్ జెర్సీ’ అనాలంటే ఫోటో కావాలి. డేవిడ్ బెక్హామ్ 1995లో మాంచెస్టర్ యునైటెడ్ నుంచి ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కి లోన్ మీద వెళ్లి 5 మ్యాచ్‌లు ఆడి, 2 గోల్స్ చేశాడు. ఆ నాటి ప్రెస్టన్ జెర్సీ వెనక అతని పేరుతో కనిపిస్తే, ధర అడిగే ముందు ఆ పేరు ఎప్పుడు అద్దారో అడగండి. పేరు లేని జెర్సీయే ఆ కాలానికి సహజం.

అపోహ: స్పాన్సర్ లేకపోతే నకిలీ.

బ్రిటన్‌లో జెర్సీ మీద మొదట స్పాన్సర్ పేరు వేసుకున్నది ఓ నాన్‌లీగ్ క్లబ్బే: 1976లో కెటరింగ్ టౌన్. 1977లో ఎఫ్ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్) అనుమతి ఇచ్చినా, 1983 వరకు టీవీ ఛానెళ్లు ఒప్పుకోలేదు. టీవీలో చూపించే మ్యాచ్‌కి స్పాన్సర్ పేరు లేని జెర్సీలు వాడేవారు. మీ చేతికి అలాంటిది వస్తే మీరు అదృష్టవంతులు.

అపోహ: పాత నంబర్ జాడ, కుట్లు, రంగు మార్పు ఉంటే లోపమున్న జెర్సీ.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. 14 కింద లీలగా 22 కనిపిస్తోందంటే, ఆటగాడు మారాక కిట్ మ్యాన్ ఆ జెర్సీని మళ్లీ వాడాడని అర్థం. నకిలీ చేసేవాడు ఇంత శ్రమ పడడు. తెల్ల అంకెలు గులాబీ రంగులోకి మారాయా? ఎర్ర పాలియెస్టర్ రంగు వేడికి ప్రింట్‌లోకి ఎక్కుతుంది, అది మామూలే. జట్టులో ఎవరికీ లేని నంబర్ ఉంటే, రక్తం అంటినప్పుడు మార్చుకోవడానికి పెట్టుకునే స్పేర్ జెర్సీ కావచ్చు. రక్తం అంటిన జెర్సీతో ఆడనివ్వరు కదా.

అపోహ: మట్టి మరకలే సాక్ష్యం.

మ్యాచ్ అయిన వెంటనే కిట్ అంతా వాషింగ్ మెషిన్‌లోకి వెళ్తుంది. శుభ్రంగా ఉన్న జెర్సీని అనుమానించకండి. మట్టి ఎవరైనా పూయగలరు. అసలు సాక్ష్యం ఫోటో మ్యాచింగ్, అంటే జెర్సీని ఆ మ్యాచ్ ఫోటోతో పోల్చి చూడటం. చారల జెర్సీలైతే మరీ సులువు: ఏ రెండూ సరిగ్గా ఒకేలా కత్తిరించరు. పక్క కుట్టు దగ్గర చార ఎక్కడ తెగింది, అంకె అంచు ఏ చార మీద పడింది, పోగు ఎక్కడ లేచింది అన్నవి ఓపిగ్గా చూడాలి. కింది లీగ్ మ్యాచ్‌ల ఫోటోలు తక్కువ. క్లబ్ ఉన్న ఊరి పత్రిక ఫోటోగ్రాఫర్లతో పరిచయం పెంచుకోవడం నా దృష్టిలో ఏ సర్టిఫికెట్ కంటే విలువైన పని.

సర్టిఫికెట్‌కు ఉన్న విలువ దాన్ని ఇచ్చినవాళ్ల విలువే. సంతకం ఉంటే అతను సంతకం చేశాడని తెలుస్తుంది, వేసుకున్నాడని కాదు. క్లబ్బే నేరుగా అమ్మే జెర్సీలు మేలు. నవంబర్‌లో గసగసాల పువ్వు గుర్తు వేసి ఆడిన జెర్సీలను మాజీ సైనికులకు సాయపడే రాయల్ బ్రిటిష్ లీజియన్ కోసం చాలా క్లబ్బులు వేలం వేస్తాయి. అక్కడ కూడా ‘వార్న్’ అని రాశారా, ‘ఇష్యూ’ అని రాశారా చూసుకోండి.

అపోహ: ఒక్కసారి కూడా ఉతకకూడదు.

చెమట ఆరిపోయి ఉండిపోతే బట్ట, ప్రింట్ రెండూ పాడవుతాయి. అయితే ముందు మరకలను దగ్గర నుంచి ఫోటోలు తీయండి, ఫోటో మ్యాచింగ్‌కి కావాలి. తర్వాత లోపలి వైపు బయటకు తిప్పి చల్లటి నీళ్లలో చేత్తో ఉతకండి. డ్రయ్యర్ వద్దు, ప్రింట్ మీద ఇస్త్రీ అసలే వద్దు. ఎండ తగలని చోట పెట్టండి. పాత ప్లాస్టిక్ అంకెలు మడతలో ఒకదానికొకటి అతుక్కుని, విప్పేటప్పుడు ఊడివస్తాయి. మధ్యలో యాసిడ్ లేని టిష్యూ కాగితం వేసి, వీలైతే మడవకుండా పరిచి ఉంచండి.