దలైలామా వారసత్వం: తగవు ముదిరింది 1995లో

దలైలామా తర్వాత ఎవరన్న వాదన మళ్లీ రాజుకుంది. 90వ పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు, 2025 జులై 2న, తన తర్వాత కూడా ఈ పరంపర కొనసాగుతుందని ఆయన ప్రకటించారు. తదుపరి జన్మను గుర్తించే అధికారం తన కార్యాలయం తరఫున పనిచేసే గాదెన్ ఫోద్రాంగ్ ట్రస్టుకే ఉందన్నారు. పేర్లు రాసిన చీటీలను బంగారు కలశంలో వేసి ఒకటి తీయాల్సిందే, తమ ఆమోదం ఉండాల్సిందే అని బీజింగ్ అదే రోజు బదులిచ్చింది. 1959లో ఆయన టిబెట్ వదిలి భారత్‌కు ప్రవాసం వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. కానీ ఇవాళ్టి పేచీ అర్థం కావాలంటే 1995లో ఏం జరిగిందో చూడాలి.

1989 జనవరిలో పదో పంచెన్ లామా షిగాట్సేలో మరణించారు. టిబెట్ బౌద్ధంలో దలైలామాలు చెందిన శాఖ అయిన గెలుగ్ సంప్రదాయంలో దలైలామా తర్వాతి స్థానం పంచెన్ లామాదే. ఒకరి పునర్జన్మను గుర్తించడంలో మరొకరి మాటకు విలువ ఇవ్వడం పాత ఆనవాయితీ. అందుకే ఈ పీఠం కోసం అంత పట్టుదల. కొత్త పంచెన్ లామాను వెతికే పనిని పంచెన్ లామాల పీఠమైన తషీలుంపో మఠ పెద్ద చద్రెల్ రింపోచేకి బీజింగే అప్పగించింది. ఆయన దలైలామాతోనూ సంప్రదించారు. 1995 మే 14న ఆరేళ్ల గెదున్ చోయెకీ నీమాను పంచెన్ లామాగా దలైలామా ప్రకటించారు. మూడు రోజులకే ఆ పిల్లవాడినీ, తల్లిదండ్రులనూ చైనా అధికారులు తీసుకుపోయారు. అప్పటినుంచి ఆ అబ్బాయి బయటి ప్రపంచానికి కనిపించలేదు. చద్రెల్ రింపోచేకి ఆరేళ్ల జైలు శిక్ష పడింది. నవంబరు 29న లాసాలోని జోఖాంగ్ ఆలయంలో కలశంలోంచి చీటీ తీసి గ్యాల్త్సెన్ నోర్బు అనే బాలుడిని పంచెన్ లామాగా బీజింగ్ ఎంపిక చేసింది.

ఈ కలశం పద్ధతిని 1793లో చైనాను ఏలిన చింగ్ వంశ చక్రవర్తి తెచ్చాడు. బీజింగ్ దాన్నే ఆధారంగా చూపుతుంది. ఇప్పటి 14వ దలైలామాను మాత్రం కలశం లేకుండానే ఎంపిక చేశారు. అది మినహాయింపు అని చైనా అంటుంది.

అసలు బౌద్ధం ప్రకారం ఒక దేహం విడిచి మరో దేహంలోకి వెళ్లే శాశ్వతమైన ఆత్మ లేదు. క్షణక్షణం పుట్టి నశించే చిత్త ప్రవాహమే కర్మను బట్టి మరో జన్మగా సాగుతుంది. మామూలు మనుషులకు ఆ జన్మ తమ చేతిలో ఉండదు. తుల్కులు, అంటే పునర్జన్మ ఎత్తిన గురువులుగా గుర్తించిన లామాలు మాత్రం కరుణతో, సంకల్పబలంతో ఎక్కడ పుట్టాలో తామే నిర్ణయించుకుంటారని టిబెటన్ల విశ్వాసం. గుర్తించడమంటే ఆ నిర్ణయాన్ని కనిపెట్టడం, అంతే. ఇందులో సర్కారు అనుమతికి చోటెక్కడ? 2007లో చైనా తెచ్చిన ఐదో నంబరు ఉత్తర్వు ఆ అనుమతినే తప్పనిసరి చేసింది. గత జన్మనూ రాబోయే జన్మనూ నమ్మని కమ్యూనిస్టులు పునర్జన్మల్లో జోక్యం చేసుకోవడం తగదని 2011లో దలైలామా రాసింది అందుకే.

పరంపర కొనసాగాలో వద్దో ప్రజలే తేల్చాలని ఆయన 1969 నుంచీ చెబుతూ వచ్చారు. తన పీఠం కూడా అనిత్యమేనని ఒప్పుకోవడం బుద్ధుడి బోధకు దగ్గరగా ఉన్న మాట. పరంపరను ఆపే హక్కు ఆయనకు లేదని తప్పుపట్టింది మాత్రం బీజింగే.

గెదున్ చోయెకీ నీమా చదువు పూర్తి చేసుకుని ఉద్యోగం చేసుకుంటున్నాడని 2020లో చైనా చెప్పింది. ఫోటో కూడా చూపలేదు. రేపు లాసాలో చీటీ తీస్తే, వచ్చిన పేరుకు ఆమోదముద్ర వేయడానికి బీజింగ్ దగ్గర గ్యాల్త్సెన్ నోర్బు ఉన్నారు. తన వారసుడు స్వేచ్ఛా ప్రపంచంలోనే పుడతాడని దలైలామా అంటున్నారు.