సేవకు గంటల లెక్క ఎలా వచ్చింది

చదువు పూర్తయిందని పట్టా చేతికివ్వాలంటే విద్యార్థి ఇన్ని గంటలు సమాజసేవ చేసి తీరాలనే నిబంధన ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. కెనడాలోని ఆంటారియోలో ఉన్నత పాఠశాల దాటాలంటే 40 గంటలు. అమెరికాలోని మేరీలాండ్‌లో 75. మెక్సికోలో డిగ్రీకి కనీసం 480. భారతదేశంలో జాతీయ సేవా పథకంలో, అంటే ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరినవారికి రెండేళ్లలో 240. వృద్ధాశ్రమానికి వెళ్లినా, పార్కు శుభ్రం చేసినా, చిన్నపిల్లలకు పాఠాలు చెప్పినా చివరికి కాగితం మీద ఒక అంకె, ఒక సంతకం మిగులుతాయి. ఇష్టపడి చేయాల్సిన పనిని నిర్బంధం చేయవచ్చా అనే తగువు దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నను మాత్రం అడిగినవారు తక్కువ: ఆ పని కావాలని అసలు ఎవరు అడిగారు?

ఈ కథ మొదలైనప్పుడు గంటలు లేవు. లండన్ తూర్పు ప్రాంతంలోని వైట్‌చాపెల్ మురికివాడలో చర్చి బాధ్యతలు చూస్తున్న శామ్యూల్ బార్నెట్ 1883లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లి అక్కడి విద్యార్థుల ముందు ఒక ఆలోచన పెట్టారు. పేదల కోసం చందాలు పంపితే చాలదు, వచ్చి వాళ్ల పొరుగున ఉండాలన్నది దాని సారాంశం. మరుసటి ఏడాదే ఆయన, భార్య హెన్రియెటా కలిసి టాయిన్‌బీ హాల్ తెరిచారు. అక్కడ చేరిన పట్టభద్రులు తమ తిండికీ గదికీ తామే డబ్బు కట్టుకునేవారు. పగలు సొంత ఉద్యోగాలు చేసుకుని, సాయంత్రాలు పేటకు ఇచ్చేవారు. తర్వాతి కాలంలో బ్రిటన్ సంక్షేమ వ్యవస్థకు పునాది వేసిన నివేదిక రాసిన విలియం బెవరిడ్జ్, దాన్ని అమలు చేసిన ప్రధాని క్లెమెంట్ అట్లీ ఇద్దరూ యువకులుగా అక్కడ పనిచేసినవారే. పేదలకు అక్కడ ఏం ఒరిగిందన్నది వేరే చర్చ. ఆ యువకులు నేర్చుకున్నది మాత్రం దేశానికి అక్కరకొచ్చింది.

1888లో టాయిన్‌బీ హాల్‌ను చూసి వెళ్లిన అమెరికా యువతి జేన్ ఆడమ్స్, మరుసటి ఏడాది స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి షికాగోలోని వలస కార్మికుల పేటలో అలాంటిదే హల్ హౌస్ మొదలుపెట్టారు. ఇద్దరూ కాలేజీలో చదువుకున్నవారు. తమకు తెలిసిన విద్యనే మొదట పంచబోయారు. సాహిత్యం చదివించారు, గోడలకు ఇటలీ చిత్రాలు తగిలించారు. పొరుగువారి అవసరాలు మరోలా ఉన్నాయి. తల్లి పనికి వెళ్తూ వంటగది బల్ల కోడుకు రోజంతా కట్టి ఉంచగా మూడేళ్లలో వెన్ను వంకరపోయిన పిల్లవాడి గురించి ఆడమ్స్ రాశారు. పిల్లల సంరక్షణ కేంద్రం అలా అవసరమైంది. స్నానపు గదులు కావాలన్నారు, కట్టారు. వీధుల్లో చెత్త పేరుకుపోతుంటే 1895లో ఆమె ఆ వార్డుకు చెత్త తనిఖీ అధికారి పదవిని అడిగి తెచ్చుకుని, తెల్లవారుజామున బండ్ల వెంట తిరిగారు. సాహిత్య గోష్ఠి నుంచి చెత్తబండి దాకా సాగిన ఈ నడకలో పట్టించుకోవాల్సిన సంగతి ఒకటుంది. మొదటిది ఆమె ఇవ్వదలచుకున్నది, రెండోది పేటవాళ్లకు కావలసింది.

సేవను చట్టంలోకి తెచ్చింది మెక్సికో. పట్నాల్లో చదువుకున్న వైద్యులు పట్నాల్లోనే ఉండిపోతుంటే, 1936లో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, చదువు ముగించే వైద్య విద్యార్థులను పల్లెలకు పంపడం మొదలుపెట్టింది. 1945 నాటి చట్టంతో అది మిగతా వృత్తి విద్యలకూ పాకింది. అక్కడ వాదన సూటిగా ఉండేది: జనం సొమ్ముతో చదివావు, కొంత తిరిగివ్వు. దీన్ని స్వచ్ఛంద సేవ అనడం కన్నా బాకీ తీర్చడం అనడమే నిజాయితీ. నా దృష్టిలో అందులో తప్పేమీ లేదు. వైద్యుడు లేని ఊరికి ఏడాదిపాటు ఒక మనిషి వస్తాడు. ఆ మనిషి ఇంకా పూర్తి వైద్యుడు కాకపోవడం, గడువు కాగానే వెళ్లిపోవడం ఆ ఏర్పాటులో మొదటి నుంచీ ఉన్న లోపాలు.

క్యూబా 1961లో చేసింది ఇంకా పెద్ద ప్రయోగం. బడులు మూసి లక్షమందికి పైగా కౌమార విద్యార్థులను చదువు చెప్పడానికి పల్లెలకు పంపారు. ఒక్కొక్కరికీ ఒక ఊయల మంచం, ఒక కిరోసిన్ లాంతరు, పాఠ్య పుస్తకాలు ఇచ్చారు. పగలు రైతు కుటుంబంతో పాటు పొలం పని, రాత్రి లాంతరు వెలుగులో అక్షరాలు. నేర్చుకున్నవారికి చివరి పరీక్ష ఏమిటంటే కాస్ట్రోకు ఉత్తరం రాయడం. ఆ ఉత్తరాలు హవానాలోని మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. అది రాజకీయ ఉద్యమం కూడా, పాఠాల నిండా విప్లవ ప్రచారమే. వెళ్లినవారిలో కొందరిని ప్రభుత్వ వ్యతిరేక సాయుధులు చంపారు. ఇవన్నీ చెప్పుకున్నాక కూడా ఒక తేడా కనబడుతుంది. అక్కడ లెక్కకు వచ్చింది విద్యార్థి ఎన్ని గంటలు కూర్చున్నాడని కాదు, ఎదుటి మనిషికి రాయడం వచ్చిందా లేదా అని.

భారతదేశంలో నిర్బంధమా, స్వచ్ఛందమా అన్న చర్చే పదేళ్లు పట్టింది. సెలవుల్లో పల్లెలకు వెళ్లి పనిచేయమని గాంధీ విద్యార్థులకు ఎప్పటినుంచో చెబుతూ వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక అది ప్రభుత్వ ఆలోచన అయింది. 1959లో సి.డి.దేశ్‌ముఖ్ అధ్యక్షతన వేసిన సంఘం గట్టి మాటే చెప్పింది: హైస్కూలు ముగించి కాలేజీలో చేరదలచిన ప్రతివారూ 9 నెలల నుంచి ఏడాది వరకు జాతీయ సేవ చేయాలి. ఖర్చు ఎవరు భరిస్తారు, అంతమందిని ఎక్కడ ఉంచుతారు, ఎవరు నడిపిస్తారు? జవాబు దొరకక సిఫారసు అటకెక్కింది. తర్వాత విద్యావేత్త కె.జి.సయ్యదైన్ వివిధ దేశాల అనుభవాలు పరిశీలించి, ఎవరినీ బలవంతపెట్టకుండా స్వచ్ఛందంగానే మొదలుపెట్టమన్నారు. ఈలోగా 1962 చైనా యుద్ధం వచ్చిపడింది. కాలేజీల్లో ఎన్‌సీసీ కవాతు తప్పనిసరి అయింది. కొన్నాళ్లకు ఆ వేడి చల్లారాక, కవాతు వద్దనుకునేవారికి మరో దారిగా సేవ మళ్లీ ముందుకొచ్చింది.

గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న, అప్పటి విద్యామంత్రి వి.కె.ఆర్.వి.రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో ఎన్‌ఎస్‌ఎస్‌ను ప్రారంభించారు. కోణార్క రథచక్రం చిహ్నం, ‘నేను కాదు, నువ్వు’ అనేది నినాదం. అందులో చేరినవారికి తెలిసిన పద్ధతి ఇదే: ఏడాదికి 120 గంటలు, దత్తత గ్రామం, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. పొద్దున శ్రమదానం, మధ్యాహ్నం ఉపన్యాసం, సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమం. రక్తదానం, మొక్కలు నాటడం, వరద సహాయం వంటి పనుల్లో ఈ వాలంటీర్లు చేసింది చిన్నదేమీ కాదు. అయితే శిబిరం తేదీలను కుదిర్చేది సాధారణంగా కాలేజీ క్యాలెండరే. ఊరికి పని ఒత్తిడి ఎప్పుడుందో, తీరిక ఎప్పుడుందో దానికి పట్టదు. నినాదంలో ‘నువ్వు’ ముందుంటే, కార్యక్రమం పట్టికలో ‘నేను’ ముందుంటుంది.

నైజీరియా దారి వేరు. అంతర్యుద్ధం 1970లో ముగిశాక, తెగల మధ్య దూరం తగ్గించాలని 1973లో పట్టభద్రులకు ఏడాది సేవ తప్పనిసరి చేసి, సొంత రాష్ట్రం కాని చోటికి పంపడం మొదలుపెట్టారు. ఎన్నికల విధుల్లో కూడా వాళ్లనే వాడుకున్నారు. 2011 ఎన్నికల తర్వాతి అల్లర్లలో బౌచీ రాష్ట్రంలో పదిమంది సేవాదళ యువతీయువకులు హతమయ్యారు.

సేవ పొందేవారి వైపు నుంచి గట్టిగా ప్రశ్నించిన మొదటివారిలో ఆలోచనాపరుడు ఇవాన్ ఇలిచ్ ఒకరు. 1968లో మెక్సికోలోని క్వెర్నవాకాలో, పల్లెల్లో వేసవి సేవకు సిద్ధమైన అమెరికా విద్యార్థుల సభలోనే ఆయన మొహం మీద చెప్పేశారు: చూడటానికి రండి, కొండలెక్కడానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు. భాష రాదు, మీరు చేసే నష్టం మీకు తెలియజెప్పే దారి కూడా ఆ పల్లెవాసులకు లేదు అన్నది ఆయన వాదన. పిలిచి తిట్టించుకున్నట్టయింది సభకు. అందులో అతి ఉంది, నిజమూ ఉంది. ఆ నిజాన్ని నియమంగా మార్చింది రాబర్ట్ సిగ్మన్. చదువునూ సేవనూ కలిపే పద్ధతికి అమెరికాలో రూపమిచ్చినవారిలో ఆయన ఒకరు. సేవ ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం సేవ పొందేవారిదే కావాలి, దానివల్ల వాళ్లు తమ పని తాము చేసుకునే శక్తి పెరగాలి, సేవ చేసేవారు కూడా నేర్చుకునేవారే అని 1979లో ఆయన మూడు సూత్రాలు రాశారు.

పాఠశాలలు అందులో చివరిదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేశాయి. 1992లో మేరీలాండ్, రాష్ట్రమంతటా సేవను హైస్కూలు పట్టాకు షరతుగా పెట్టిన మొదటి అమెరికా రాష్ట్రమైంది. అప్పటికే పెన్సిల్వేనియాలో ఒక పాఠశాల జిల్లా పెట్టిన 60 గంటల నిబంధన మీద విద్యార్థుల కుటుంబాలు కోర్టుకెక్కాయి. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణనే అడ్డం పెట్టి, ఇది వెట్టిచాకిరీ అని వాదించాయి. 1993లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ వాదనను కొట్టేసింది. గమనిస్తే, రెండు పక్షాలూ వాదించుకున్నది విద్యార్థి గురించే. ఆ 60 గంటలు ఎవరికి పనికొచ్చాయన్నది కేసులో అంశమే కాదు.

నిర్బంధం విద్యార్థి మీద ఎలా పనిచేస్తుందో 1999లో వచ్చిన ఒక అమెరికన్ మనస్తత్వ అధ్యయనం కొంత చెప్పింది. సేవ మీద మొదటి నుంచీ ఆసక్తి ఉన్నవారిని నిబంధన పెద్దగా మార్చలేదు. ఆసక్తి లేనివారు మాత్రం, తప్పనిసరై చేశాక, ఇకముందు స్వచ్ఛందంగా చేయాలన్న కోరికను మరింత పోగొట్టుకున్నారు. ఎవరి కోసమైతే నిబంధన పెట్టారో వాళ్ల మీదే అది బెడిసికొట్టిందన్నమాట. అదే ఏడాది ఆంటారియోలో 40 గంటల షరతు అమల్లోకి వచ్చింది. కోవిడ్ కాలంలో దాన్ని తాత్కాలికంగా 20కి తగ్గించారు.

భారతదేశంలోనూ లెక్క ఒక మెట్టు పైకెక్కింది. ఎన్‌ఎస్‌ఎస్‌ను క్రెడిట్లు ఉండే ఐచ్ఛిక సబ్జెక్టుగా ప్రవేశపెట్టాలని 2015లో యూజీసీ విశ్వవిద్యాలయాలకు సూచించింది. సేవకు చదువులో గుర్తింపు రావడం మంచిదే. ఇక తేలాల్సింది మూల్యాంకనం సంగతి. హాజరు పట్టీ, నివేదిక, ఫొటోలు చూసి మార్కులు వేసేది కాలేజీ. దత్తత గ్రామానికి ఆ మార్కుల్లో వాటా ఇవ్వడం కష్టమేమీ కాదు. శిబిరానికి ముందు గ్రామసభలో పనుల జాబితా అడిగి, ముగిశాక అవి జరిగాయో లేదో ఆ సభ చేతనే చెప్పించి, ఆ మాటకు మార్కుల్లో కొంత భాగం కేటాయిస్తే చాలు.