ప్రయాణంలో మంచి తీపి ఎక్కడ దొరుకుతుంది: అపోహలు - వాస్తవాలు

పేస్ట్రీలు, తీపి వంటకాలు తయారు చేయడం నా వృత్తి. కొత్త ఊరికి బయలుదేరేవాళ్లు నన్ను సాధారణంగా అడిగేది అక్కడ ఏ దుకాణం మంచిదని. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందని నా అభిప్రాయం: తినబోయే పదార్థం తయారైన తర్వాత ఎంతసేపు తన అసలు గుణాన్ని నిలబెట్టుకుంటుంది? కొన్ని అరగంటకే మెత్తబడిపోతాయి, కొన్ని ఆ పూటకే పరిమితమవుతాయి, మరికొన్నింటికి మర్నాటికి గానీ రుచి రాదు. గుర్తుండిపోయే తీపి దొరకడం చాలావరకు ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, తరచుగా వినిపించే అపోహలను కూడా ఆ దృష్టితోనే పరిశీలిస్తున్నాను.

అపోహ: పేరుమోసిన దుకాణాలు పర్యాటకుల కోసమే, అసలైన రుచి ఎవరికీ తెలియని సందుల్లోనే ఉంటుంది.

వాస్తవం: పేరు ఉన్నంత మాత్రాన రుచి తగ్గదు. కొన్ని పదార్థాల విషయంలో ఆ పేరే రుచిని కాపాడుతుంది. లిస్బన్ నగరంలోని బెలేం ప్రాంతంలో 1837 నుంచి నడుస్తున్న పాస్టెయిష్ డి బెలేం దుకాణాన్నే తీసుకోండి. పోర్చుగల్‌లో 1834లో మఠాలను రద్దు చేసిన తర్వాత, పక్కనే ఉన్న జెరోనిమోస్ మఠం నుంచి అక్కడ అమ్మే కస్టర్డ్ టార్ట్ (పొరల గుల్లలో కస్టర్డ్ నింపి కాల్చే తీపి) తయారీ విధానం బయటికి వచ్చిందని చెబుతారు. ఆ టార్ట్ పైభాగం అక్కడక్కడ నల్లగా మాడేంత వేడి ఓవెన్‌లో కాలుతుంది. పలుచని పొరల గుల్ల కరకరలాడుతూ, లోపలి కస్టర్డ్ ఇంకా గోరువెచ్చగా ఉండే సమయం చాలా తక్కువ. ఆ తర్వాత కస్టర్డ్‌లోని తేమ పొరల్లోకి దిగి గుల్ల తోలులా సాగడం మొదలవుతుంది. ఎప్పుడూ వరుస కట్టి జనం నిలబడే దుకాణంలో ట్రేలు వచ్చినవి వచ్చినట్టే ఖాళీ అవుతాయి గనుక, చేతికి అందేది దాదాపు ఎప్పుడూ ఓవెన్ నుంచి వచ్చినదే అవుతుంది. అదే టార్ట్‌ను రోజుకు కొన్ని మాత్రమే అమ్ముడయ్యే నిశ్శబ్దమైన కొట్టులో మధ్యాహ్నం మూడింటికి కొంటే, తయారు చేసినవారు ఎంత నిపుణులైనా ఆ గుణం మిగిలి ఉండదు. అందువల్ల వరుసను చూసి భయపడకండి, అది ఎంత వేగంగా కదులుతోందో చూడండి.

అపోహ: పాత నగరం నడిబొడ్డున అమ్ముతున్నారంటే అది ఆ ఊరి సంప్రదాయ వంటకమే. పుట్టినచోట తప్ప మరెక్కడా ఆ రుచి రాదు.

వాస్తవం: ఈ రెండు నమ్మకాలూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయి. ప్రాగ్ పాత నగరంలో అడుగడుగునా కనిపించే ట్రడెల్నిక్, అంటే కర్రకు పిండి చుట్టి నిప్పు మీద కాల్చి పంచదార అద్దే గొట్టం, ప్రాచీన చెక్ వంటకమన్న బోర్డులతో అమ్ముడవుతుంది. నిజానికి అక్కడ అది ఇంతగా వ్యాపించింది ఇటీవలి దశాబ్దాల్లోనే. దానికి గట్టి మూలాలున్న చోటు స్లొవేకియాలోని స్కాలిత్సా పట్టణం. ఆ పట్టణం పేరుతో దానికి 2007లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ట్రాన్సిల్వేనియాలోని హంగేరియన్ల కుర్తోష్‌కలాచ్ కూడా ఈ కుటుంబానిదే. ప్రాగ్‌లో అది తినకూడదని నేను అనను, కళ్ల ముందే కాల్చి ఇస్తే వేడిగా బాగానే ఉంటుంది. ఆ ఊరి సంప్రదాయం రుచి చూశామని మాత్రం అనుకోవద్దు.

రెండో నమ్మకానికి చైనాలోని మకావు మంచి సమాధానం. అక్కడి కొలోఆన్‌లో ఆండ్రూ స్టో అనే ఆంగ్లేయుడు 1989లో లార్డ్ స్టోస్ బేకరీని ప్రారంభించి, పోర్చుగీసు టార్ట్‌ను తనదైన పద్ధతిలో మలిచాడు. ఇప్పుడు మకావు టార్ట్ అనేది స్వతంత్రమైన వంటకం. పుట్టిన ఊరు కాకపోయినా, అక్కడ రోజూ చేసే చేతులూ రోజూ తినే జనమూ ఉన్నారు. రుచికి కావలసింది అదే.

అపోహ: గెలాటో (ఇటలీ పద్ధతి ఐస్‌క్రీమ్) కొనేటప్పుడు నిండు రంగులతో కొండలా పేర్చి ఉన్న దుకాణాన్ని ఎంచుకోవాలి.

వాస్తవం: నా వృత్తిలో ఉన్నవారు ముందుగా తప్పించుకునేది ఆ కొండనే. గెలాటోను సుమారు మైనస్ 12 నుంచి మైనస్ 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర వడ్డిస్తారు. సాధారణ ఐస్‌క్రీమ్ ఇంతకన్నా చల్లగా ఉంటుంది. గెలాటోలో వెన్నశాతం తక్కువ, కలిపే గాలి కూడా తక్కువ. కొన్ని పారిశ్రామిక ఐస్‌క్రీముల్లో మిశ్రమం ఎంత ఉంటుందో గాలి కూడా దాదాపు అంతే ఉంటుంది. గెలాటోలో అది పరిమాణంలో మూడో వంతు దాటడం అరుదు. ఇలాంటి మెత్తని, బరువైన పదార్థం పాత్ర అంచుకు జానెడు పైన, చల్లదనం సరిగా అందని చోట, గంటల తరబడి కరగకుండా నిలబడాలంటే వనస్పతి కొవ్వులు గానీ, చిక్కబరిచే పదార్థాలు గానీ మోతాదు మించి చేరాలి.

రంగు విషయంలో పిస్తానే పరీక్షగా పెట్టుకోండి. వేయించి నూరిన పిస్తా ముద్ద మట్టిరంగు కలిసిన మందమైన ఆకుపచ్చలో ఉంటుంది. చిలకాకుపచ్చ కనిపిస్తే రంగు కలిపారని, చాలాసార్లు బాదం వాసన కూడా కలిపారని అర్థం. అరటిపండు గెలాటో పసుపుపచ్చగా కాక బూడిదరంగు వైపు ఉండాలి. నిమ్మ తెల్లగా ఉండాలి. పుదీనా ఆకులను పాలలో నానబెట్టి చేసినది కూడా దాదాపు తెల్లగానే ఉంటుంది. ఇటలీలో కొన్ని దుకాణాల్లో అసలు రంగులే కనబడవు. బల్లలోకి దింపిన లోతైన గుండ్రని పాత్రలకు లోహపు మూతలు మాత్రమే కనిపిస్తాయి, పైన రుచుల పేర్ల పట్టిక ఉంటుంది. వెలుతురు, గాలి సోకకుండా, ఉష్ణోగ్రత మారకుండా కాపాడే పద్ధతి ఇది. చూడటానికి ఏమీ లేదని వెనుదిరిగే ప్రయాణికులను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మూతలున్నంత మాత్రాన నాణ్యత ఖాయమని చెప్పలేను గానీ, కంటికి కాక నోటికి పనిచేస్తున్నవారు అక్కడ ఉండే అవకాశం ఎక్కువ.

అపోహ: ఫ్రాన్స్‌లో బూలాంజ్‌రీ (రొట్టెల దుకాణం) అని బోర్డు ఉంటే అన్నీ అక్కడే తయారవుతాయి.

వాస్తవం: 1998 నాటి చట్టం ప్రకారం పిండి కలపడం నుంచి కాల్చడం వరకు తామే చేస్తూ, ఏ దశలోనూ గడ్డకట్టించకుండా రొట్టె తయారు చేసేవారే ఆ పేరు పెట్టుకోవాలి. అయితే ఆ రక్షణ రొట్టెకు మాత్రమే వర్తిస్తుంది. అదే దుకాణంలోని క్రోసాంట్లు (వెన్న పొరలతో చేసే నెలవంక ఆకారపు పేస్ట్రీలు) కర్మాగారం నుంచి గడ్డకట్టి వచ్చి, అక్కడి ఓవెన్‌లో కేవలం కాలి ఉండవచ్చు.

కాబట్టి క్రోసాంట్‌నే చూడాలి. చేత్తో చేసిన ట్రేలో ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. పైభాగం లేత పసుపుగా కాక ముదురు గోధుమరంగుకు కాలి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి తగ్గ బరువు ఉండదు, తేలికగా అనిపిస్తుంది. విరిచినప్పుడు పైపొరలు పెళుసుగా రాలి, లోపల పెద్దవీ చిన్నవీ కలిసిన గదులు, వాటి మధ్య పలుచని గోడలు కనిపిస్తాయి. వెన్న మన నోటి వేడికే కరిగిపోతుంది. పేస్ట్రీ కోసం తయారయ్యే మార్జరిన్ అంతకన్నా ఎక్కువ వేడికి గానీ పూర్తిగా కరగదు. తిన్న తర్వాత అంగిలికి జిడ్డు పొర పట్టినట్టు అనిపించిందంటే కారణం అదే. ఈ పరీక్షలన్నీ ఉదయం చేయాలి. సాయంత్రం ఎంత మంచి క్రోసాంట్ అయినా తన గుణాన్ని చూపించలేదు.

అపోహ: తీపి తినేది భోజనం తర్వాత, భోజనం చేసిన రెస్టారెంట్‌లోనే.

వాస్తవం: ప్రయాణికులకు ఎక్కువగా నష్టం చేసే అలవాటు ఇదే. చాలా రెస్టారెంట్లలో ప్రత్యేకంగా తీపి వంటవాళ్లు ఉండరు. ఏ దేశానికి వెళ్లినా పట్టికలో చీజ్‌కేక్, లోపల కరిగిన చాక్లెట్ ఉండే కేక్, కాఫీ రుచి ఉండే ఇటాలియన్ తీపి తిరమిసు మాత్రమే ఉన్నాయంటే, అవి బయటి నుంచి గడ్డకట్టి వచ్చి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉంది. ఆ తీపి మీద పెట్టే ఖర్చును, కడుపులో ఆ చోటును దాచుకుని మర్నాడు సరైన వేళకు సరైన దుకాణానికి వెళ్లడం మేలు.

ఆ సరైన వేళ ఒక్కో ఊరిలో ఒక్కో రకంగా ఉంటుంది. మాడ్రిడ్‌లో 1894 నుంచి ఉన్న సాన్ హినేస్‌లో చిక్కని వేడి చాక్లెట్‌తో చుర్రోలు (నూనెలో వేయించిన పిండి కడ్డీలు) తినడానికి జనం అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున కూడా వస్తారు. ఇటలీ దీవి సిసిలీలో కన్నోలో (వేయించిన గొట్టంలాంటి గుల్లలో రికొట్టా అనే మెత్తని జున్ను నింపిన తీపి) కొనేటప్పుడు గుల్లలు ఖాళీగా ఉన్నాయో లేదో చూడాలి. అడిగిన తర్వాత రికొట్టా నింపి ఇచ్చే దుకాణం ఒకటైతే, ఉదయమే నింపి అద్దాల పెట్టెలో వరుసగా పేర్చేది మరొకటి. రెండో దాంట్లో గుల్ల అప్పటికే తేమ పట్టి ఉంటుంది. టర్కీలోని హతాయ్ ప్రాంతపు కునెఫెలో, అంటే సన్నని సేమియాలాంటి పిండి పోగుల మధ్య చీజ్ పెట్టి కాల్చి పాకం పోసే తీపిలో, కరిగిన చీజ్ తీగలుగా సాగేది వేడి మీదనే గనుక, దానిని పొట్లం కట్టించుకుని గదికి తీసుకువెళ్లడమంటే దానిని వదులుకోవడమే.

వేళ ఎలాగో, రుతువు కూడా అలాగే. స్వీడన్‌లో సెమ్లా అనే మీగడ బన్ను లెంట్ ఉపవాసాలకు ముందు వారాల్లోది. ఫ్రాన్స్‌లో గాలెట్ దె రువా అనే పొరల కేకు జనవరిది. సిసిలీలోని కతానియాలో సంత అగాత పేరుతో చేసే చిన్న గుండ్రని కేకులను ఫిబ్రవరి మొదటి వారంలో జరిగే ఉత్సవ సమయంలో చూడాలి. జపాన్‌లో చెర్రీ ఆకు చుట్టిన సకురామోచి వసంతంలో వస్తుంది. థాయ్‌లాండ్‌లో మామిడిపండుతో జిగట అన్నం ఏడాది పొడవునా అమ్ముతారు గానీ, ఏప్రిల్, మే నెలల పండుతో తిన్నదానికి మిగతాది సాటి రాదు. ప్రయాణ తేదీలు ఖరారయ్యాక ఆ నెలలో అక్కడ ఏ పండుగ ఉందో చూసుకోవడం దుకాణాల జాబితా చదవడం కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది.

అపోహ: ఎప్పుడూ అప్పుడే చేసినదే మంచిది.

వాస్తవం: ఇప్పటివరకు తాజాదనం గురించే చెప్పాను గనుక ఈ మాట కూడా చెప్పాలి. తిరమిసును కలిపిన వెంటనే తింటే కాఫీ, మస్కర్‌పోనే అనే మీగడ జున్ను, బిస్కెట్ మూడూ విడివిడిగా తగులుతాయి. రాత్రంతా చల్లగా ఉంచితేనే అవి ఒకటవుతాయి. ఫ్రాన్స్‌లోని బోర్దో నగరపు కనెలె అనే చిన్న కేకు పిండిని ఒకటి రెండు రోజులు ఊరనివ్వాలి, కాల్చాక మాత్రం కొన్ని గంటల్లో తినేయాలి. ఒకే పదార్థంలో రెండు రకాల సమయాలు ఉండటం నాకు ఎంతో ఇష్టమైన విషయం. జర్మనీలోని న్యూరెంబర్గ్ బిస్కెట్ లెబ్‌కూహెన్‌లో ఎలీజెన్ అనే మేలు రకానికి కనీసం 25 శాతం గింజపప్పులు ఉండాలి, పిండి 10 శాతం మించకూడదు. సుగంధ ద్రవ్యాలతో నిండిన ఆ బిస్కెట్ రోజులు గడిచేకొద్దీ మెత్తబడి మరింత రుచిగా మారుతుంది.

అపోహ: తీపి కావాలంటే తీపి దుకాణానికే వెళ్లాలి.

వాస్తవం: స్పెయిన్‌లో కొన్ని కన్యామఠాల్లో సన్యాసినులు తయారు చేసిన తీపి పదార్థాలను గోడలో అమర్చిన, గుండ్రంగా తిరిగే చెక్క అర ద్వారా అమ్ముతారు. గంట కొట్టి, కావలసినది చెప్పి, డబ్బు అందులో పెడితే అర తిరిగి పెట్టె వస్తుంది. ఇచ్చినవారి ముఖం కనిపించదు. సెవియ్యాలోని సాన్ లెయాంద్రో మఠం గుడ్డు పచ్చసొనలతో చేసే యెమాలకు ప్రసిద్ధి. మఠాల దినచర్యను బట్టి అమ్మకపు వేళలు ఉంటాయి గనుక ముందుగా తెలుసుకుని వెళ్లాలి. జపాన్‌లోనైతే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల నేలమాళిగలకు వెళ్లండి. పేరున్న వగాషి (జపాన్ సంప్రదాయ తీపి) తయారీదారుల కౌంటర్లు అక్కడ పక్కపక్కనే ఉంటాయి. తాజా రకాలకు ఏ రోజులోగా తినాలో తేదీ వేసి ఇస్తారు, ఆ తేదీని గౌరవించాలి.

అపోహ: వీధిలో అమ్మే తీపి ప్రమాదకరం, హోటల్‌లోది సురక్షితం.

వాస్తవం: ప్రమాదం స్థలాన్ని బట్టి కాదు, తేమ, ఉష్ణోగ్రతలను బట్టి ఉంటుంది. కళ్ల ముందు మరిగే నూనెలో వేగి వచ్చినదీ, చిక్కని పాకంలో మునిగినదీ సాధారణంగా భయపడవలసినవి కావు. పాలు, గుడ్లు, మీగడతో చేసి, 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి బయట ఉంచినది హోటల్ బల్ల మీద ఉన్నా వదిలేయాలి.

అపోహ: మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికి తీసుకువెళ్లవచ్చు.

వాస్తవం: మోచి వంటి బియ్యపు పదార్థాలు ఫ్రిజ్‌లో బయటికన్నా త్వరగా గట్టిపడతాయి, ఎందుకంటే పిండిపదార్థం ఆ చల్లదనంలోనే వేగంగా బిగుసుకుంటుంది. పలుచని పొరల మధ్య గింజపప్పులు పెట్టి పాకం పోసే బక్లావాను కూడా ఫ్రిజ్‌లో పెట్టకూడదు, అందులోని నెయ్యి గడ్డకట్టి పొరల పెళుసుదనం పోతుంది. గాజియంతెప్ బక్లావా 2013లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు పొందిన తొలి టర్కీ ఉత్పత్తి. గది ఉష్ణోగ్రతలో కొన్ని రోజులు నిలుస్తుంది గనుక తీసుకువెళ్లడానికి అనువైనది. వియన్నా చాక్లెట్ కేకు జాఖర్‌టోర్ట కూడా అంతే. హోటల్ జాఖర్ దానిని చెక్క పెట్టెల్లో పెట్టి దూరప్రాంతాలకు పంపుతుంది. లెబ్‌కూహెన్ వారాల తరబడి ఉంటుంది. కస్టర్డ్, మీగడ, రికొట్టా ఉన్నవి మాత్రం కొన్న ఊరిలోనే తినాలి. సీసాల్లోని జామ్‌లు, తీపి క్రీములు చాలా విమానాశ్రయాల తనిఖీలో ద్రవాలుగానే లెక్కకు వస్తాయి కాబట్టి, 100 మిల్లీలీటర్లు దాటినవాటిని చేతిసంచిలో కాక లగేజీలో, బట్టల మధ్య నిలువుగా సర్దండి.