తట్టి లేపడం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. బొమ్మ బాగా పనిచేస్తోంది గానీ సెల్స్ వారానికే అయిపోతున్నాయని మీ గోల. అవక ఏం చేస్తాయి? సర్క్యూట్ 10 మిల్లీ ఆంపియర్లు లాగుతోందని మీరే రాశారు. 2000 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్స్ ఆ లెక్కన 200 గంటలొస్తాయి, అంటే 8 రోజులు. రోజు మొత్తంలో మీరు బటన్ నొక్కేది పదిసార్లు. మిగతా సమయమంతా బొమ్మను నడిపే ఆ ఏటీమెగా328పి చిప్ పనిలేకపోయినా మేలుకుని కూర్చుంటోంది.

దాన్ని పవర్-డౌన్ స్లీప్‌లోకి, అంటే చిప్‌లో దాదాపు అన్నీ ఆగిపోయే గాఢనిద్రలోకి, పంపండి. ఏడీసీ (వోల్టేజ్‌ను అంకెగా మార్చేది), వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఇరుక్కుంటే మళ్లీ మొదలుపెట్టించే టైమర్), బ్రౌన్-అవుట్ డిటెక్టర్ (వోల్టేజ్ పడిపోతే కనిపెట్టేది) కూడా ఆపేస్తే చిప్ వాడకం 1 మైక్రో ఆంపియర్ కిందికి దిగుతుంది. కాగితం మీద అవే సెల్స్ రెండు వందల ఏళ్లు దాటి రావాలి. అంతకు చాలా ముందే వాటంతట అవే చచ్చిపోతాయనుకోండి. బోర్డు మీద పవర్ ఎల్ఈడీ వెలుగుతూనే ఉంటే మాత్రం ఈ లెక్కంతా గాలికి పోయినట్టే. ముందు దాన్ని పీకేయండి.

ఆ నిద్రలో చిప్‌ను అడుగడుగునా నడిపించే క్లాక్ కూడా ఆగిపోతుంది కాబట్టి బయటి నుంచి ఎవరో తట్టాలి. ఆర్డుయినో బోర్డు 2వ పిన్ నుంచి గ్రౌండ్‌కు బటన్ పెట్టి, చిప్ లోపలి పుల్-అప్, అంటే పిన్‌ను హై వైపు పట్టి ఉంచే రెసిస్టర్, ఆన్ చేయండి. నొక్కనంతసేపు పిన్ హై (వోల్టేజ్ ఉంటుంది), నొక్కితే లో (సున్నాకు దిగుతుంది). లో కాగానే ఇంటరప్ట్, అంటే 'ఉన్న పని ఆపి ఇటు చూడు' అనే పిలుపు, వచ్చి చిప్ లేస్తుంది. పుల్-అప్ మరిచిపోతే పిన్ గాల్లో వేలాడుతూ, ఎవరూ ముట్టుకోకపోయినా ఉలిక్కిపడి లేస్తుంటుంది.

పిన్ లో ఉన్నంతసేపూ ఆ ఇంటరప్ట్ వస్తూనే ఉంటుంది. అందుకే ఇంటరప్ట్ రాగానే నడిచే ఫంక్షన్‌లో మొదటి పని ఆ ఇంటరప్ట్‌నే ఆపేయడం. సరిగ్గా ఇక్కడే నేను బోల్తాపడ్డాను. నేను చేసిన టార్చి ఒకటి ఎప్పుడో ఒకసారి మొద్దునిద్ర పోయేది. సెల్స్ తీసి మళ్లీ పెడితే గానీ లేచేది కాదు. సెల్స్‌ను తిట్టుకున్నాను, బటన్ మార్చాను. తప్పేమో ప్రోగ్రామ్‌లో రెండు లైన్ల మధ్య దాక్కుంది. ఇంటరప్ట్ ఆన్ చేశాక, ఇంకా పడుకోక ముందు, ఆ రెప్పపాటులోనే వేలు పడిందనుకోండి. ఫంక్షన్ నడుస్తుంది, ఇంటరప్ట్‌ను ఆపేసి వెనక్కొస్తుంది. తర్వాతి లైన్ 'పడుకో' అంటుంది. ఇక చిప్ చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నట్టే, ఎంత తట్టినా వినపడదు.

దీనికి మందు ఉంది. మొదట ఇంటరప్టులన్నీ ఆపండి. తర్వాత బటన్ ఇంటరప్ట్ సిద్ధం చేయండి. చివర్లో ఇంటరప్టులకు అనుమతి ఇచ్చి, ఆ వెంటనే స్లీప్ ఆదేశం ఇవ్వండి, మధ్యలో ఇంకో లైన్ దూరకూడదు. ఏటీమెగా328పి లాంటి ఏవీఆర్ చిప్‌లలో అనుమతి ఇచ్చాక ఇంకొక్క ఆదేశం పూర్తయ్యే దాకా ఇంటరప్ట్ గుమ్మం బయటే ఆగుతుంది. కాబట్టి చిప్ పడుకుంటుంది, మరుక్షణమే లేస్తుంది. వేలు ఎప్పుడు పడ్డా ఫరవాలేదు.

లేచాక 20, 30 మిల్లీ సెకన్లు ఆగి పిన్ చదవండి, బటన్ లోపలి రేకు ఎగిరెగిరి పడుతుంది కదా. వేలు తీశాకే మళ్లీ పడుకోబెట్టండి.

నిద్రలో ఎంత లాగుతోందో మీటర్‌తో కొలవండి. మైక్రో ఆంపియర్ రేంజ్‌లో మీటర్ కొంత వోల్టేజ్ తినేస్తుంది, మెలకువగా ఉన్న చిప్‌కు ఆ మిగిలింది చాలకపోవచ్చు. అందుకని మీటర్ కొసలు రెండింటినీ ఒక వైరుతో కలిపి ఉంచి, చిప్ పడుకున్నాకే ఆ వైరు తీయండి. ఎంత చూపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య