ఎలుక కాలికి సూది, సూదికి కరెంటు: ఎలక్ట్రోఅక్యుపంక్చర్ అపోహలు – వాస్తవాలు

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల్లో వాపు నొప్పి మీద ప్రాజెక్టు అంటే ముందు గుర్తొచ్చేది కారాజీనన్ (వాపు తెప్పించే పదార్థం) ఎక్కించిన ఎలుక పాదం. అదే మోడల్‌లో మందుకు బదులు సూదుల గుండా కరెంటు ఇచ్చి చూద్దామనుకునేవాళ్ల కోసం ఇది.

అపోహ: ఎలుకకు నమ్మకాలుండవు, కాబట్టి ప్లసీబో (చికిత్స అందిందన్న నమ్మకంతోనే తగ్గడం) గొడవే లేదు.

ఎలుకకు లేకపోవచ్చు, రీడింగు తీసే మనిషికి ఉంటుంది. వాన్ ఫ్రే ఫిలమెంటు (పాదానికి ఒత్తి చూసే సన్నని పోగు) తగలగానే పాదం నొప్పికి లాక్కుందా, నడవబోయి ఎత్తిందా అని తేల్చేది ఆ మనిషే. అందుకే ఏ ఎలుక ఏ గ్రూపుదో తెలియనివాళ్లే కొలవాలి. ఇంకో చిక్కు ఉంది. ఎలుకను గొట్టంలో బిగించి అరగంట ఉంచితే ఆ ఒత్తిడికే నొప్పి కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను సూది ఖాతాలో వేసుకోవడం తరచూ జరిగే తప్పు. ప్రయోగానికి ముందు 3 నుంచి 5 రోజులు గొట్టానికి అలవాటు చెయ్యండి. ఐసోఫ్లూరేన్ మత్తు ఇస్తే షామ్ (ఉత్తుత్తి చికిత్స) గ్రూపుకీ అంతే మత్తు, అంతే సేపు ఇవ్వాలి.

షామ్ అంటే సూది గుచ్చి, వైర్లు తగిలించి, కరెంటు మాత్రం ఇవ్వకపోవడం. అయితే గుచ్చిన సూది ఊరికే ఉండదు. 2010లో చిట్టెలుకల మీద వచ్చిన పరిశోధనలో, సూదిని తిప్పినచోట అడినోసిన్ అనే పదార్థం పెరిగి, దాన్ని అందుకునే ఏ1 రిసెప్టర్ల ద్వారా నొప్పి తగ్గింది. ఆ రిసెప్టర్ లేని చిట్టెలుకల్లో తగ్గలేదు. కాబట్టి సూదే తగలని మూడో గ్రూపు కూడా తప్పనిసరి.

అపోహ: కరెంటు ఎంత పెంచితే నొప్పి అంత తగ్గుతుంది.

మాకు అన్నిటికంటే ఎక్కువగా బాధ కలిగించే అపోహ ఇదే. నొప్పి పుట్టించేంత కరెంటు ఇస్తే, ఒకచోటి నొప్పి మరోచోటి నొప్పిని అణిచేస్తుంది. అప్పుడు మీరు కొలిచేది చికిత్స ఫలితం కాదు, ఎలుక పడే బాధ. 0.5 మిల్లీఆంపియర్ల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి. కాలి కండరం లయగా, సన్నగా అదిరితే చాలు. ఎలుక కీచుమన్నా, పెనుగులాడినా వెంటనే తగ్గించాలి.

కరెంటు ఎక్కడ, ఎప్పుడు ఇస్తున్నారన్నదీ ముఖ్యమే. 2020లో, బ్యాక్టీరియా విషంతో ఒళ్లంతా వాపు ప్రతిచర్య తెప్పించిన చిట్టెలుకల్లో, వెనక కాలికి ఇచ్చిన 0.5 మిల్లీఆంపియర్లు వేగస్ నరం, అడ్రినల్ గ్రంథి ద్వారా దాన్ని తగ్గించాయి. పొట్ట మీద ఇచ్చిన 3 మిల్లీఆంపియర్లు మాత్రం ముందే ఇస్తే మేలు చేశాయి, ప్రతిచర్య మొదలయ్యాక ఇస్తే కీడు చేశాయి.

యంత్రం మీద నాబ్ చూపించే అంకెను నమ్మొద్దు. చవక యంత్రాలు చాలావాటిలో వోల్టేజే స్థిరం. సూది కదిలినా, దాని చుట్టూ తడి ఆరినా కరెంటు మారిపోతుంది. స్థిర కరెంటు ఇచ్చే యంత్రం, అదీ బ్యాటరీతో నడిచేది వాడండి. వైరుకు వరసలో 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి ఓసిలోస్కోప్‌లో చూస్తే, ఒక్కో వోల్టు ఒక్కో మిల్లీఆంపియర్ కింద లెక్క. మల్టీమీటర్ ఇక్కడ పనికిరాదు. 10 హెర్ట్జ్‌లో 0.1 మిల్లీసెకను పల్సు అంటే కరెంటు ఉండేది వెయ్యో వంతు సేపే, సగటు దాదాపు సున్నా చూపిస్తుంది.

సర్క్యూట్ పూర్తవడానికి రెండు సూదులు కావాలి. ఒకటి ఎస్‌టీ36 అనే అక్యుపంక్చర్ బిందువు దగ్గర, అంటే వెనక కాలి మోకాలి కింద, ముందుండే పెద్ద ఎముకకు బయటి పక్క కండరంలో, ఎలుకకైతే సుమారు 5 మి.మీ. లోతున. రెండోది అదే కాలికి. రెండు ముందు కాళ్లకు చెరొకటి పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది, ఆ పని ఎన్నడూ చెయ్యకండి.

అపోహ: ఫ్రీక్వెన్సీ ఏదైనా ఒకటే.

కాదు. బీజింగ్‌లో హాన్ జిషెంగ్ బృందం దశాబ్దాల పాటు చూపింది ఇదే: 2 హెర్ట్జ్‌కు ఎన్‌కెఫలిన్, బీటా ఎండార్ఫిన్ (ఒంట్లోనే తయారయ్యే, నొప్పి తగ్గించే పదార్థాలు) విడుదలవుతాయి, 100 హెర్ట్జ్‌కు డైనార్ఫిన్. 2 హెర్ట్జ్ ఫలితం వాటిని అడ్డుకునే మందైన కొద్దిపాటి నాలోక్సోన్‌తోనే ఆగిపోతుంది, 100 హెర్ట్జ్‌కు చాలా ఎక్కువ మోతాదు కావాలి. గంటల తరబడి కరెంటు ఇస్తే ఫలితం సన్నగిల్లుతుంది. 20 నుంచి 30 నిమిషాలు చాలు.

అపోహ: నొప్పి తగ్గిందంటే వాపూ తగ్గినట్టే.

రెండింటినీ విడివిడిగా కొలవాలి. వాపుకు ప్లెతిస్మోమీటర్, అంటే పాదాన్ని ద్రవంలో ముంచి దాని పరిమాణం కొలిచే పరికరం. మడమ దగ్గర ఇంకుతో గీత పెట్టి ప్రతిసారీ అక్కడిదాకానే ముంచండి. 1 శాతం కారాజీనన్ 0.1 మి.లీ. ఇస్తే వాపు 3, 4 గంటలకు బాగా పెరుగుతుంది, సెషన్ దానికి తగ్గట్టు పెట్టుకోవాలి. రోజుల తరబడి నొప్పి కావాలంటే సీఎఫ్ఏ (కంప్లీట్ ఫ్రాయిండ్స్ అడ్జువెంట్) ఇంజెక్షను. అందులో చంపిన క్షయ బ్యాక్టీరియా నూనెలో తేలుతూ ఉంటుంది. బాగా కుదపకపోతే అడుగుకు దిగి, ఒక్కో ఎలుకకు డోసు ఒక్కోలా పడుతుంది. అది మీ వేలికే గుచ్చుకుంటే పుండు పడొచ్చు, కళ్లద్దాలు, గ్లవుజులు లేకుండా సిరంజి ముట్టుకోవద్దు.

అపోహ: గది వేడికి రీడింగుతో సంబంధం లేదు.

మే నెల బెజవాడలో కరెంటు పోయి ఏసీ ఆగితే తెలుస్తుంది. అరికాలికి దీపంతో వేడి తగిలించే హార్‌గ్రీవ్స్ పరీక్షలో గాజు పలక, ఎలుక చర్మం ముందే వేడెక్కితే పాదం తొందరగా లాక్కుంటుంది. నొప్పి పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి పెరిగింది గది వేడి. ఏసీ తిరిగొచ్చాక ఎలుకలు కుదుటపడేదాకా ఆగండి. రోజూ ఒకే వేళకు కొలవండి. 20 సెకన్లకు దీపం ఆపెయ్యాలి, లేకపోతే చర్మం కాలుతుంది.

అపోహ: మందు ఇవ్వట్లేదు, సూదే కదా, అనుమతి అక్కర్లేదు.

కావాలి. నొప్పి పుట్టిస్తున్నది మీరే. కాలేజీ జంతు నైతిక కమిటీకి ఫారం బి పెట్టి, అందులో ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, సూది లోతు, కరెంటు, హెర్ట్జ్, పల్సు వెడల్పు, నిమిషాలు, ఎలుక ఏ స్థితికి వస్తే ప్రయోగం ఆపేస్తారు అన్నవన్నీ రాయాలి. ఒక్క ఎలుకను తెప్పించకముందే ఈ అనుమతి చేతికి రావాలి.