ఐఈపీ మీటింగులు: అమెరికాలో మనవాళ్ల అపోహలు

ప్రత్యేక అవసరాలున్న పిల్లాడికి స్కూల్ ఏ సాయం చేయాలో రాసుకునే ప్లానే ఐఈపీ. ఆ మీటింగుల్లో తల్లిదండ్రుల పక్కన కూర్చోవడం నా పని. మనవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: “టీచర్లతో పేచీ ఎందుకండీ, పిల్లాడి మీద చూపిస్తారు.”

వాస్తవం: అడగడం పేచీ కాదు. ఐడియా అనే ఫెడరల్ చట్టం ప్రకారం ఐఈపీ టీమ్‌లో మీరూ సభ్యులే. గొడవలు ముదిరేది ఎక్కువగా నోటిమాటల వల్ల. స్పీచ్ థెరపీ వారానికి 60 నిమిషాలు కావాలని అడుగుతాం. “చూద్దాం” అంటారు, థాంక్స్ చెప్పి లేచి వచ్చేస్తాం. తీరా కాగితంలో 30 నిమిషాలే ఉంటుంది. మనం అడిగినట్టు ఆధారమేదీ? ఆ రోజే ఈమెయిల్ కొట్టండి: “60 నిమిషాలు అడిగాను. కుదరదంటే ఎందుకో, ఏ పరీక్షలు చూసి అన్నారో ప్రయర్ రిటెన్ నోటీస్‌లో ఇవ్వండి.” కాదన్నప్పుడు ఆ నోటీసు, అంటే కారణాలు రాసిన కాగితం, ఇవ్వడం స్కూల్ బాధ్యత. “థెరపిస్టు దొరకట్లేదు” అని నోటితో అన్నంత తేలిగ్గా కాగితం మీద పెట్టలేరు.

అపోహ: “ఇంగ్లిష్ అంతగా రాదు, పెద్దమ్మాయి చెబుతుందిలే.”

వాస్తవం: వద్దు. ఇంటర్‌ప్రిటర్‌ను స్కూలే తన ఖర్చుతో పెట్టాలి. ముందే అడగండి.

అపోహ: “నేను సంతకం పెట్టకపోతే ఏదీ మారదు.”

వాస్తవం: మొదటిసారి సేవలు మొదలుపెట్టడానికి మీ అనుమతి తప్పనిసరి. తర్వాతి మార్పులకు రాష్ట్రానికో రూల్. కొన్నిచోట్ల మీరు ఊరుకుంటే కొత్త ఐఈపీ అమల్లోకి వచ్చేస్తుంది.

అపోహ: “కుదరకపోతే ఇక లాయరే.”

వాస్తవం: ఈ టెన్షన్‌తోనే చాలామంది ఏళ్లతరబడి నోరు మెదపరు. ఐఈపీలో రాసిన థెరపీ ఇవ్వకపోతే నేనైతే స్టేట్ కంప్లయింట్, అంటే రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు, పెట్టమంటాను. లాయర్ అక్కర్లేదు. తప్పు జరిగిన ఏడాదిలోపు పెట్టాలి, మామూలుగా 60 రోజుల్లో తీర్పు వస్తుంది. ఎంత థెరపీ కావాలన్న దగ్గరే పట్టుదల వస్తే మీడియేషన్, అంటే మధ్యవర్తి ముందు కూర్చుని మాట్లాడుకోవడం, మేలు. మీకు పైసా ఖర్చుండదు, అక్కడి మాటలు బయటికి పోవు, రాసుకున్న ఒప్పందం కోర్టులో చెల్లుతుంది. అయితే స్కూల్ కూడా సరేననాలి.

డ్యూ ప్రాసెస్‌కు, అంటే హియరింగ్ ఆఫీసర్ ముందు విచారణకు, వెళ్లినా, ఇద్దరూ వద్దనుకుంటే తప్ప, 15 రోజుల్లో స్కూల్ మీతో రాజీ కోసం రిజల్యూషన్ మీటింగ్ పెట్టాలి. దానికి మీరు లాయర్ లేకుండా వెళ్తే వాళ్లూ లాయర్‌ను తేకూడదు.