నడుస్తున్న కంకర క్వారీకి విలువ కట్టడం: అపోహలు - వాస్తవాలు

కంకర క్వారీలకు విలువ కట్టడం నా వృత్తి. అమ్మకం, వాటాల పంపకం, బ్యాంకు రుణం, భూసేకరణ పరిహారం... సందర్భం ఏదైనా యజమానుల నోట ముందుగా వచ్చే లెక్కలు దాదాపు ఒకటే. ఆ లెక్కలను నమ్మి అప్పుల్లో కూరుకుపోయిన వారిని దగ్గర నుంచి చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: విస్తీర్ణాన్ని లోతుతో గుణిస్తే నిల్వ తెలిసిపోతుంది.

200 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న స్థలంలో 12 మీటర్ల మందాన కంకర ఉందనుకుందాం. కాగితం మీద 4,80,000 ఘనపు మీటర్లు. హద్దుల వెంట నాలుగు వైపులా 15 మీటర్లు తవ్వకుండా వదిలేయండి. గట్లు కూలకుండా ప్రతి మీటరు లోతుకూ మీటరున్నర చొప్పున వాలు ఇవ్వండి. పైన 170 మీటర్ల చదరంగా మొదలైన గుంత అడుగుకు చేరేసరికి 134 మీటర్లకు కుంచించుకుపోతుంది. తవ్వగలిగేది సుమారు 2,78,500 ఘనపు మీటర్లే. అందులో నూటికి 15 వంతులు ఒండ్రు, బంకమన్నుగా కంకర కడిగేటప్పుడు పోతే, అమ్మకానికి మిగిలేది సుమారు 2,36,700. మొదటి లెక్కలో సగం కూడా లేదు.

ఆ ఒండ్రు సంగతి చాలామంది పట్టించుకోరు. నేను తవ్వకం గోడ దగ్గర మూడు నాలుగు చోట్ల పిడికెడు తడి కంకర తీసి పిసికి చూస్తాను. రాళ్లు జారిపోయాక అరచేతి గీతల్లో జిగురు మిగిలితే బంక ఉన్నట్టే. తర్వాత గాజు సీసాలో నీళ్లతో కలిపి బాగా కుదిపి పెడతాను. గులకరాళ్లు, ఇసుక క్షణాల్లో దిగుతాయి. ఒండ్రు నింపాదిగా దిగి వాటి మీద వేరే పొరగా పరుచుకుంటుంది. పైన నీరు గంటల తరబడి తేరుకోకపోతే బంక ఎక్కువన్నమాట. 75 మైక్రాన్ల జల్లెడలోంచి (ఒండ్రు, బంకలాంటి సన్నని మన్ను మాత్రమే దాటేది) ఎంత పోతుందో ప్రయోగశాలలోనే కచ్చితంగా తేలాలి, కానీ ఏ గోడ నుంచి ఎక్కువ నమూనాలు పంపాలో ఈ సీసా చెబుతుంది.

అపోహ: టన్నుల నిల్వను టన్ను ధరతో గుణిస్తే ఆస్తి విలువ వస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. క్వారీ గేటు దగ్గర పలికే ధరలో పైమట్టి తీత, తవ్వకం, కడుగు, జల్లెడ, లోడింగు, డీజిలు, కూలి, యంత్రాల అరుగుదల, వ్యాపారి లాభం అన్నీ ఉన్నాయి. నేలకు దక్కే వాటా, తవ్వుకునే హక్కుకు ఇతరులు ఇవ్వజూపే రాయల్టీ మాత్రమే. అది కూడా ఒక్కసారిగా రాదు, ఏళ్ల తరబడి వస్తుంది.

ఏటా 100 చొప్పున 20 ఏళ్లు రాయల్టీ వస్తే మొత్తం 2,000. రేపు వచ్చే రూపాయి నేటి రూపాయికి సాటి రాదు కాబట్టి, ఏడాదికి పది శాతం రేటుతో తగ్గించి చూస్తే దాని నేటి విలువ 851. అదే నిల్వ సగం వేగంతో, ఏటా 50 చొప్పున 40 ఏళ్లకు అమ్ముడైతే నేటి విలువ 489. రాయి ఒక్క గుప్పెడు కూడా తగ్గలేదు, విలువ మాత్రం నూటికి 42 వంతులకు పైగా తరిగింది. ఇంకోలా చూడండి. నిల్వ రెట్టింపై, ఏటా 100 చొప్పునే 40 ఏళ్లు వచ్చిందనుకుంటే 978. రెట్టింపు నిల్వకు పెరిగిన విలువ సుమారు 15 శాతం.

అందుకే నేను నిల్వ నివేదిక కన్నా ముందు లారీలను తూచే వేబ్రిడ్జి చీటీలు అడుగుతాను. ఏటా ఎంత సరుకు గేటు దాటిందో వాటిలో ఉంటుంది. ఆ బరువును సర్వేలో తేలిన గుంత పరిమాణంతోనూ, డీజిలు వాడకంతోనూ సరిచూస్తాను. ఒక జాగ్రత్త: నేలలో గట్టిగా ఉన్న కంకర తవ్వగానే పొంగుతుంది. టిప్పర్లలో కొలిచిన ఘనపు మీటర్లను గుంత కొలతతో నేరుగా పోల్చకూడదు.

అపోహ: మంచి రాయి ఎక్కడున్నా ఒకే విలువ.

కంకర బరువెక్కువ, ధర తక్కువ. కొంత దూరం దాటితే రవాణా ఖర్చే సరుకు ధరను మించిపోతుంది. నిర్మాణాలు జరిగే చోటికి దగ్గరున్న మధ్యరకం నిల్వ, దూరాన ఉన్న మేలురకం నిల్వ కన్నా ఎక్కువ పలకడం మామూలే.

అపోహ: క్వారీ లాభమంతా భూమి విలువే.

క్రషరు, జల్లెడలు, లోడర్లు విప్పి తీసుకుపోగల ఆస్తులు. ఖాతాదారులతో సంబంధాలు, నడిపే నేర్పు వ్యాపారానివి. వీటిని విడదీయకుండా మొత్తం లాభాన్ని భూమికి అంటగడితే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

అపోహ: తవ్వకం ముగిశాక మామూలు భూమి ధర వస్తుంది.

వాలు సరిచేయాలి, పూడ్చాలి లేదా చెరువుగా తీర్చాలి, పైన మళ్లీ మట్టి పరచాలి. ఆ ఖర్చు పోగా మిగిలిందే, అదీ చివరి ఏడాది నుంచి నేటికి లెక్కగట్టాకే, విలువలో చేరుతుంది. క్వారీకి వెళ్లినప్పుడు పైమట్టి కుప్ప ఎక్కడుందో తప్పకుండా చూస్తాను. గడ్డి మొలిపించి కాపాడి ఉంటే పునరుద్ధరణ ఖర్చు తగ్గిస్తాను. అమ్మేసి ఉంటే అంత మట్టి కొని తేవడానికి అయ్యే మొత్తాన్ని విలువలోంచి తీసేస్తాను.